ఓవర్‌స్టే చేసి తిరిగొచ్చిన చెల్లెలికి అమెరికా ఎఫ్-4 పిటిషన్: దరఖాస్తు విధానం

విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లి, గడువు దాటాక కూడా ఉండిపోయి, తర్వాత ఇంటికొచ్చేసిన చెల్లెలికి అక్కడ పౌరసత్వం ఉన్న అన్న ఎఫ్-4 కింద, అంటే అమెరికా పౌరుల తోబుట్టువులకిచ్చే వలస వీసా కోటాలో, పిటిషన్ వేయొచ్చా? వేయొచ్చు. అమలాపురం, భీమవరం వైపు ఈ మాట అడిగితే ‘ఇంక జన్మలో రానివ్వరు’ అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. మరో వైపు ‘అదంతా మేం చూసుకుంటాం, ఓవర్‌స్టే సంగతి ఎక్కడా రాయకండి’ అనే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. రెండూ తప్పే. రెండోది మాత్రం మనిషిని నిజంగా ముంచేస్తుంది.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. పిటిషన్ వేరు, వీసా వేరు. పిటిషన్ దశలో చూసేది మీ ఇద్దరూ తోబుట్టువులా కాదా అన్నదే. ఓవర్‌స్టే వల్ల పిటిషన్ తిరస్కరించరు. ఆ లెక్క తీసేది చివర్లో, వీసా ఇంటర్వ్యూ దగ్గర.

ఎవరు, ఎవరికి

పిటిషన్ వేసేవారు అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండి ఉండాలి. గ్రీన్‌కార్డుతో తోబుట్టువులకి వేయడం కుదరదు. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా ఇద్దరికీ ఉమ్మడి కావాలి. పెదనాన్న కొడుకు, పిన్ని కూతురు మన ఇళ్లలో ఎంత సొంత అన్నా చెల్లెళ్లలా పెరిగినా ఈ పిటిషన్‌కి పనికిరారు. దత్తత వెళ్లినవాళ్లో వచ్చినవాళ్లో ఉంటే నియమాలు మారిపోతాయి, అక్కడ సొంత తెలివి వద్దు, లాయరు దగ్గరికి వెళ్లండి.

ఫారం పేరు ఐ-130. ఇద్దరు చెల్లెళ్లుంటే రెండు ఫారాలు, రెండు ఫీజులు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. పంపే రోజున యూఎస్‌సీఐఎస్ (ఈ పిటిషన్లు చూసే అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) సైట్‌లో రేటు మరోసారి చూసుకోండి. చెల్లెలి భర్తకీ, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకీ వేరే పిటిషన్ అక్కర్లేదు, వాళ్ల పేర్లు ఇందులోనే రాయాలి. చెల్లెలు ఎప్పుడైనా అమెరికాలో ఉందా అని ఈ ఫారం అడుగుతుంది. ఉందని రాయండి.

కాగితాలు

అసలు పని ఇక్కడే. అన్న పౌరసత్వానికి పాస్‌పోర్టో, నాచురలైజేషన్ సర్టిఫికెట్టో చాలు. కష్టమంతా ఇద్దరి జనన ధ్రువపత్రాల దగ్గర. రెండింట్లోనూ తల్లిదండ్రుల పేర్లు ఒకేలా కనిపించాలి. మనవైపు మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. అందుకని అన్న పుట్టుక అమ్మమ్మగారి ఊరు రాజోలు దగ్గర నమోదై ఉంటుంది, చెల్లెలిది నాన్నగారి ఊరు పాలకొల్లులో. మధ్యలో వశిష్ఠ గోదావరి, జిల్లాలు కూడా వేరు. ఒకే పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగితే రెండూ దొరకవు.

పాత తరంలో చాలామందికి నమోదే జరగలేదు. 1986 వరదల్లోనో 1996 నవంబరు తుఫానులోనో ఇంట్లో కాగితాలు పోయినవాళ్లూ ఉంటారు. ఇంట్లో పోతే గాభరా పడక్కర్లేదు, రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటే పంచాయతీ, మున్సిపాలిటీ లేదా మీసేవ ద్వారా కొత్త కాపీ వస్తుంది. ఎంట్రీయే లేకపోతే రిజిస్ట్రార్ దగ్గర ‘నమోదు లేదు’ అనే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి పదో తరగతి సర్టిఫికెట్, స్కూలు అడ్మిషన్ రికార్డు, పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు జత చేయాలి. ఆర్డీవో అనుమతితో ఇప్పుడు ఆలస్యంగా నమోదు చేయించుకోవడం ఇంకో దారి. కానీ నిన్న మొన్న నమోదైన పత్రం ఒక్కటే పంపితే అధికారికి అనుమానం వస్తుంది. దానితో పాటు పాత స్కూలు రికార్డు తప్పకుండా పెట్టండి.

పేర్ల గొడవ మరోటి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక చెల్లెలి ఇంటిపేరు మారిపోతుంది. నాన్న పేరు ఒకచోట ‘సత్యనారాయణ’, ఇంకోచోట ‘సత్యన్నారాయణ మూర్తి’. పెళ్లి సర్టిఫికెట్, ‘ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి’ అనే అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకుంటే తర్వాత ఆధారాలు పంపమనే నోటీసు తప్పుతుంది. ఒక్కరే తండ్రి, తల్లులు వేరైతే తండ్రి పెళ్లిళ్ల పత్రాలు, ముందు పెళ్లి ముగిసిందనడానికి రుజువు కూడా కావాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, దాని కింద అనువదించినవారి సంతకంతో ధ్రువీకరణ ఉండాలి. రెండు భాషలూ బాగా వచ్చినవారెవరైనా చేయొచ్చు. నోటరీ ముద్ర కోసం వందలు పోయక్కర్లేదు.

ఓవర్‌స్టే లెక్క

వీసా స్టాంపు మీద ఉన్న తేదీ చూసి లెక్క కట్టకండి. పదేళ్ల వీసా ఉన్నా, దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. అది దాటిన మర్నాటి నుంచి రోజులు లెక్కపెట్టాలి. 180 రోజుల లోపే బయటపడితే నిషేధం లేదు, పాత వీసా మాత్రం చెల్లదు. 180 దాటి ఏడాది లోపైతే మూడేళ్లు, ఏడాది లేదా అంతకన్నా ఎక్కువైతే పదేళ్లు రానివ్వరు. ఈ మూడేళ్లు, పదేళ్లు మొదలయ్యేది అమెరికా విడిచిన రోజు నుంచి. 18 ఏళ్లు నిండకముందు గడిచిన రోజులు లెక్కలోకి రావు. గడువులోపే పొడిగింపు దరఖాస్తు పెట్టి, అక్రమంగా పని చేయకుండా ఉంటే, అది పెండింగ్‌లో ఉన్న రోజులు కూడా సాధారణంగా లెక్కించరు.

స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్ల ఐ-94లో తేదీ బదులు డి/ఎస్ అని, అంటే స్టూడెంట్ స్టేటస్ ఉన్నంత కాలం ఉండొచ్చని ఉంటుంది. కాలేజీ మానేసినా వాళ్లకి ఈ రోజుల లెక్క దానంతటదే మొదలుకాదు. యూఎస్‌సీఐఎస్ గానీ ఇమ్మిగ్రేషన్ జడ్జి గానీ స్టేటస్ పోయిందని నిర్ణయం ఇచ్చాకే మొదలవుతుంది. ఇది తెలియక లేని నిషేధానికి భయపడేవాళ్లున్నారు.

ఒక ఉదాహరణ చూద్దాం. చెల్లెలి ఐ-94 2019 మే 10తో అయిపోయింది, ఆమె 2020 డిసెంబరు 2న బయల్దేరింది. ఏడాది దాటింది కాబట్టి పదేళ్లు, అంటే 2030 డిసెంబరు దాకా. ఇప్పుడు వరుస చూడండి. ఎఫ్-4కి ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు, పైగా దేశాల వారీ పరిమితి. 2025లో భారతీయులకి నడిచిన తేదీలు 2006 నాటివి, అంటే 2006లో పిటిషన్ వేసినవాళ్ల వంతు అప్పుడొచ్చింది. ఈ రోజు పిటిషన్ వేసిన చెల్లెలి వంతు వచ్చేనాటికి పదేళ్ల నిషేధం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. అందుకే నిషేధం అయ్యేదాకా ఆగి తర్వాత వేద్దామనుకోవడం శుద్ధ దండగ. వరుసలో మీ స్థానం పిటిషన్ అందిన తేదీని బట్టే. ఆ తేదీ ఉన్న రసీదు ఐ-797ని జాగ్రత్తగా దాచుకోండి.

ఎప్పుడు తిరిగొచ్చిందో నిరూపించుకోవాల్సింది చెల్లెలే. అమెరికాలో బయల్దేరేటప్పుడు ముద్ర వేయరు, శంషాబాద్‌లో దిగినప్పుడు పడిన ముద్రే పెద్ద ఆధారం. పాస్‌పోర్టు రెన్యూవల్ అయ్యాక పాత బుక్కు అటక మీద పడేయకండి.

అబద్ధం ఆడితే కథ వేరు. ఓవర్‌స్టేకి ముగింపు తేదీ ఉంది, తప్పుడు సమాచారంతో వీసాకి ప్రయత్నించిన నేరానికి లేదు, అది జీవితాంతం అడ్డం నిలుస్తుంది. ఏడాదికి పైగా అక్రమంగా ఉండి వచ్చి, మళ్లీ మెక్సికో సరిహద్దు మీదుగా దొంగదారిన వెళ్లినా వెళ్లబోయినా మామూలు పదేళ్ల సూత్రం వర్తించదు, శాశ్వత నిషేధం పడుతుంది.

తోబుట్టువు ఇంకా అక్కడే ఉంటే

పైన చెప్పిన ధైర్యమంతా తిరిగొచ్చినవాళ్ల గురించే. ఇంకా అక్కడే ఉన్న తమ్ముడికి పిటిషన్ వేసినంత మాత్రాన స్టేటస్ రాదు, వర్క్ పర్మిట్ రాదు, డిపోర్టేషన్ ఆగదు. 2001 ఏప్రిల్ 30 లోపు వేసిన పాత పిటిషన్ ఏదైనా అతని పేరు మీద ఉంటే తప్ప, ఓవర్‌స్టేలో ఉన్న తోబుట్టువు అక్కడే ఉండి ఎఫ్-4 మీద గ్రీన్‌కార్డు తీసుకోవడం దాదాపు కుదరదు. బయటికి అడుగుపెట్టగానే నిషేధం మొదలవుతుంది. టికెట్ కొనేముందు లాయరుతో మాట్లాడాలి.

నిషేధాన్ని మాఫీ చేయమని అడిగే ఐ-601 ఉంది. కానీ తీవ్రమైన కష్టం ఎవరికి కలుగుతుందో చూపాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న భార్య, భర్త, తల్లి లేదా తండ్రి ఉండాలి. అన్నకి కలిగే కష్టం లెక్కలోకి రాదు. అన్న మొదట అమ్మానాన్నలకి పిటిషన్ వేయడం మంచిదనేది ఇందుకే. వాళ్లకి వరుస లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక వాళ్లు మాఫీకి ఆధారం అవుతారు, పెళ్లికాని కూతురికో కొడుక్కో సొంతంగా పిటిషన్ కూడా వేయగలరు. ఆ వరుస ఎఫ్-4 కన్నా బాగా చిన్నది. అయితే మధ్యలో పెళ్లి చేశారంటే ఆ పిటిషన్ రద్దవుతుంది.

వంతు వచ్చాక

ఇంటర్వ్యూకి ముందు కాగితాలు, ఫీజులు చూసే నేషనల్ వీసా సెంటర్ నుంచి కబురొస్తుంది. డీఎస్-260 అనే వీసా దరఖాస్తు నింపాలి, అందులోనూ ఓవర్‌స్టే ప్రశ్న ఉంటుంది. అన్న ఐ-864తో పోషణ హామీ ఇవ్వాలి. కబురొచ్చాక ఏడాది పాటు పట్టించుకోకపోతే కేసు రద్దయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి అన్న ఇల్లు మారినా, ఈమెయిల్ మారినా తెలియజేస్తూ ఉండాలి. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో కాదు, సాధారణంగా ముంబైలో. పాస్‌పోర్ట్ సేవా ద్వారా పోలీస్ క్లియరెన్స్ కావాలి.

పిల్లల విషయంలో ఆశలు పెంచుకోవద్దు. వంతు వచ్చిన రోజు వయసులోంచి పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలాన్ని తీసేసినా 21 దాటితే వాళ్లు అమ్మతో వెళ్లలేరు. ఇప్పుడు ఐదో తరగతి చదువుతున్న మేనల్లుడు మామయ్య పిటిషన్ మీద వెళ్లే అవకాశం చాలా తక్కువ. ఈలోగా అన్నకి ఏమైనా అయితే పిటిషన్ దానంతటదే రద్దవుతుంది. అప్పటికే ఆమోదం వచ్చి ఉంటే మానవతా కారణాల మీద పునరుద్ధరించమని అడగొచ్చు, ఒప్పుకోవడం మాత్రం వాళ్ల ఇష్టం.