మీ ఊరి సబ్‌జైలుకి డబ్బులెంత వస్తున్నాయో, ఎవరు తనిఖీ చేస్తున్నారో తెలుసుకోవడం ఎలా

జైళ్లు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల సబ్జెక్ట్, అందుకే సబ్‌జైల్లో అన్నం ఖర్చు నుంచి సిబ్బంది జీతాల దాకా రాష్ట్ర బడ్జెట్‌ మీదే నడవాలి, కేంద్రం స్కీముల కింద కొంత ఇస్తుంది అంతే.

ముందు జైళ్ల శాఖ పీఐఓ (అడిగిన సమాచారం ఇవ్వాల్సిన అధికారి) పేరున ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వెయ్యండి. తెల్లకాగితం, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు, ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. "జైలు ఎలా ఉంది" అంటే ఏమీ రాదండీ, కెపాసిటీ ఎంత, నెలనెలా ఎంతమంది ఉన్నారు, గత మూడేళ్లలో భోజనానికి, మందులకి, రిపేర్లకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని విడివిడిగా అడగండి. విజిటర్స్ బుక్ జిరాక్స్ అస్సలు మర్చిపోవద్దు, తనిఖీకి వచ్చినవాళ్లు రాసిన మాటలు అందులోనే ఉంటాయి, నాకొచ్చిన కాపీల్లో ఒకచోట బాత్రూంకి తలుపు లేదని రాసుంది, తర్వాతి తనిఖీలోనూ అదే మాట, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ శాఖలోనే పైఅధికారికి ఫస్ట్ అప్పీల్ వెయ్యండి, దానికి ఇంకో 30 రోజులే టైం. లోపలున్న మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సంగతైతే 48 గంటల్లోనే ఇవ్వాలి, ఆ మాట అప్లికేషన్ పైనే పెద్దక్షరాలతో రాయండి. లాయర్‌ని పెట్టుకోలేని వాళ్లుంటే 15100కి ఫోన్ చేయించండి, ఉచిత న్యాయసహాయం అక్కడ అడగొచ్చు.