ఇరవై మంది కాదు, ముగ్గురు చాలు

సంఘంగా కలిసి బైబిలు చదువుదామని మొదలుపెట్టిన ప్రతిసారీ మూడో వారానికే చల్లబడిపోయేది. ఇరవై మంది కూర్చుంటే మాట్లాడేది ఎప్పుడూ ఆ ఇద్దరే.

ఇప్పుడు ముగ్గురేసి కూర్చుంటున్నాం. బైబిల్లోని మార్కు సువార్తలో 16 అధ్యాయాలు. వారానికి 2 చొప్పున 8 వారాలు. ఎవరింట్లో వారు చదువుకుని, ఆదివారం ఆరాధన ముగియగానే అక్కడే 15 నిమిషాలు ఆగుతాం. ఒక్కొక్కరికి 4 నిమిషాలు: మనసును తాకిన వచనం, అర్థం కాని మాట, ఈ వారం చేయబోయే ఒక పని. "ప్రేమగా ఉంటాను" అంటే లెక్కలోకి రాదు, "మాటలు మానేసిన అన్నయ్యకు ఫోను చేస్తాను" అనాలి. మిగిలిన 3 నిమిషాలు ఒకరి కోసం ఒకరు ప్రార్థన. అర్థం కానివి చీటీ మీద రాసి సంఘ కాపరికి (పాస్టరుకు) ఇస్తాం. మరుసటి వారం మొదటి ప్రశ్న, "ఫోను చేశారా?" అడుగుతారన్న మొహమాటానికైనా చేసేస్తాం, అది వేరే సంగతి.

ముగ్గురిలో ఇద్దరు ఒకే ఇంటివారైతే మాత్రం ఇది సాగదు. వారిద్దరూ మనసు విప్పరు, మూడో మనిషి చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుంటారు. భార్యాభర్తలను వేర్వేరు జట్లలో వేయండి.