పాత డెస్క్‌టాప్ రొద చేస్తోందా? శబ్దం ఎక్కడిదో ఇలా కనుక్కోండి

అనంతపురంలో ఆషాఢం గాలి మొదలైతే కిటికీలు ఎంత బిగించినా దుమ్ము ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. ఫ్యాన్లతో గాలి లాక్కునే సీపీయూ డబ్బా ఆ దుమ్మునూ లోపలికి లాక్కుంటుంది. ఎనిమిదేళ్ళో పదేళ్ళో నడిచిన మిషన్ ఒకరోజు గరగరమంటే చాలామంది దుమ్మే అనుకుని బ్లోయర్ అందుకుంటారు. అంతకంటే ముందు ఆ శబ్దం హార్డ్‌డిస్క్‌దా కాదా తేల్చుకోవాలి. ఫ్యాన్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు, డిస్క్‌తో పాటు పోయిన ఫొటోలు ఎక్కడా దొరకవు.

ముందు చెవి పెట్టి వినండి

సీలింగ్ ఫ్యాన్, టీవీ ఆపండి. దినపత్రిక కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొన చెవికి ఆనించుకుని, రెండో కొనను డబ్బా చుట్టూ మెల్లగా తిప్పండి. ఏ మూల గట్టిగా వినిపిస్తే తప్పు ఆ మూలే ఉంటుంది. శబ్దం ఆన్ చేయగానే వస్తోందా, వేడెక్కాకా, ఫైల్ తెరిచినప్పుడా అన్నది కూడా గమనించండి.

టక్ టక్ అంటే డిస్క్

ఫైల్ తెరిచినప్పుడు సన్నగా కిరకిరమనడం హార్డ్‌డిస్క్‌కు మామూలే. లోపలి పళ్ళేలు చాలా మోడళ్ళలో నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి, వాటి మీద చదివే చెయ్యి అటూ ఇటూ కదులుతుంటుంది. అలా కాకుండా ఒకే వరసలో టక్, టక్, టక్ అని వినిపించి మిషన్ బిగుసుకుపోతుంటే, ఆ చెయ్యి చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందని అనుమానించాలి.

మా చిన్నాయన ఇంట్లో వారం రోజులు ఈ శబ్దమే వచ్చింది. ఫోన్‌లో నేనే "దుమ్మై ఉంటుంది చిన్నాయనా, బ్లోయర్ కొట్టించు" అన్నాను. కొట్టించాడు. ఆ వారంలో ఒక్క గంట కాపీకి కేటాయించి ఉంటే చెల్లి పెళ్ళి ఫొటోలు మిగిలేవి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

టక్ టక్ వినిపిస్తే వేరే పనులన్నీ ఆపి, బాగా అవసరమైనవి ముందుగా పెన్‌డ్రైవ్‌లోకో వేరే డిస్క్‌లోకో కాపీ చేయండి. ఆ తర్వాతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టేసిన భాగాలు), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న భాగాలు) పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. అది "గుడ్" అని చూపించినా టక్ టక్ ఆగకపోతే చెవినే నమ్మండి. డిస్క్ అసలు కనబడకపోతే మాటిమాటికీ ఆన్ చేయొద్దు, తట్టొద్దు. డేటా రికవరీ చేసేవాళ్ళకు అలాగే ఇవ్వండి.

గరగర, టపటప అంటే ఫ్యాన్లు

మిషన్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. పక్క తలుపు తీసి డబ్బా ఇనుమును ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. టపటప శబ్దమైతే ఏదైనా వైరు రెక్కలకు తగులుతోందేమో చూడండి. తగులుతుంటే పక్కకు కట్టేస్తే చాలు.

గరగర అయితే క్యాబినెట్ ఫ్యాన్ కనెక్టర్ పీకి మిషన్ ఆన్ చేయండి. శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కనెక్టర్ మాత్రం పీకి నడపకండి, ప్రాసెసర్ వేడెక్కిపోతుంది.

శుభ్రం చేయాలంటే మళ్ళీ ప్లగ్ తీసి, డబ్బాను వరండాలోకి తెచ్చి, పెయింట్ బ్రష్‌తో దుమ్ము వదిలించి బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. కొన్ని ఫ్యాన్లకు స్టిక్కర్ కింద కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తే కొన్నాళ్ళు నడుస్తాయి. కొబ్బరినూనె వద్దు, 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన చలికాలం రాత్రులకు అది చాలు. అరిగిన ఫ్యాన్‌ను అదే సైజుది, 80 మిల్లీమీటర్లో 120 మిల్లీమీటర్లో చూసి, మార్చడమే మంచిది.

ఎస్‌ఎంపీఎస్ విప్పొద్దు

శబ్దం ఎస్‌ఎంపీఎస్ నుంచి, అంటే మిషన్‌కు కరెంటు అందించే డబ్బా నుంచి వస్తుంటే బయటి నుంచి దుమ్ము దులపండి, అంతే. ప్లగ్ తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. కాలిన వాసన కూడా వస్తే వెంటనే ప్లగ్ తీసేసి మొత్తం ఎస్‌ఎంపీఎస్ మార్పించండి.

మిగిలినవి

బీప్ బీప్ అంటుంటే ముందు యూపీఎస్ చూడండి, బ్యాటరీ ముసలిదైతే అదే అరుస్తుంది. సీపీయూ నుంచే వచ్చి స్క్రీన్ నల్లగా ఉంటే, ప్లగ్ తీసి ర్యామ్ (మెమరీ పట్టీ) బయటికి లాగి, బంగారు రంగు అంచును పెన్సిల్ చెరిపే మెత్తని రబ్బరుతో తుడిచి బిగించండి. గేమ్ ఆడేటప్పుడు సన్నగా కీచుమనడం సాధారణంగా లోపలి కాయిళ్ళది (తీగ చుట్టలది), దానితో ప్రమాదం లేదు. తలుపు మీద అరచెయ్యి ఆనిస్తే ఆగిపోయే శబ్దానికి స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. డబ్బాను నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద పెట్టండి, ఊడ్చినప్పుడు లేచే దుమ్ము కొంతైనా తప్పుతుంది.