లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పిస్తున్నారా? బిగించేటప్పుడు పక్కనే ఉండండి

చక్రాన్ని కారు బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ గానీ, అది బాడీకి తగులుకునే చోట ఉండే రబ్బరు బుష్‌లు గానీ మార్పిస్తుంటే, బండి జాకీ మీద ఉండగానే బుష్ బోల్టు పూర్తిగా బిగించనివ్వకండి. చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ పొజిషన్‌లోనే పట్టేస్తుంది, తర్వాత బండి నేల మీదికి దిగగానే మెలితిరిగి, ఊరికే పార్కింగ్‌లో ఉన్నా సరే ఆ ఒత్తిడిలోనే ఉండి త్వరగా చీలిపోతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మళ్లీ టక్ టక్. పార్టు నాసిరకం అనుకుంటాం గానీ చాలాసార్లు తప్పు బిగింపుదే.

ముందు బోల్టు కొంచెం లూజుగానే ఉంచి, బండి బరువంతా చక్రాల మీద పడ్డాక పిట్ (కింద నుంచి పనిచేసే గుంత) మీద నిలబెట్టి, ఎంత బిగువు కావాలో కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో ఫైనల్‌గా బిగించమనండి. రబ్బరుకి మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్ అసలు రాయనివ్వద్దు, ఉబ్బి మెత్తబడిపోతుంది. ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు. చివర్లో వీల్ అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాలి.