విల్లు పొట్ట మీది అడ్డగీతలు: ఉప్పుకాగితం పట్టే ముందు చూడవలసినవి

ఒకే చెక్క నుంచి చెక్కి, నారి ఎక్కించి, పిడికి అటూ ఇటూ ఉండే రెండు రెక్కలూ సమంగా వంగుతున్నాయని సరిచూసుకున్న విల్లుకు చివరి నునుపు పని చేసేవారి కోసం ఇది. విలుకాడి వైపు ఉండే తలాన్ని పొట్ట అనీ, గురి వైపు ఉండే తలాన్ని వీపు అనీ అంటున్నాను. కింది లక్షణాలలో ఏది కనిపించినా మొదట చేయవలసిన పని ఒకటే: గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును చెక్క మీద దాదాపు పడుకోబెట్టినట్టు పక్కనుంచి వేసి, రెక్కను ఈ కొన నుంచి ఆ కొన వరకు చూడాలి. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను వదిలేసి ఉప్పుకాగితాలు అరగదీసేవారే ఎక్కువ.

వేలికి అలలు తగులుతున్నాయి

స్క్రేపరును (చెక్కను పలచగా గీకే రేకును) గానీ గాజుపెంకును గానీ ఒకే కోణంలో పదేపదే లాగడం వల్ల, లేదా దాని పదును పోవడం వల్ల ఇలా జరుగుతుంది. పదును పెట్టి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఏటవాలుగా పట్టి లాగండి. ఆ తరువాత ఉప్పుకాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి రుద్దండి. వేళ్లతో నొక్కి రుద్దితే మెత్తని చోట్లు ఎక్కువ అరిగి, అలలు అలాగే మిగులుతాయి.

నూనె రాయగానే గీతలు బయటపడ్డాయి

గరుకైన 80 నంబరు కాగితం నుంచి నేరుగా నున్నని 220కి వెళ్లారన్నమాట. గాట్లలో దుమ్ము నిండినంతసేపు చెక్క నున్నగానే కనిపిస్తుంది. 80, 120, 180, 220 వరుస తప్పకుండా, పీచు పొడవునే రుద్దుతూ, ప్రతి నంబరు తరువాతా స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి చూడండి. నూనె రేపు చూపించబోయే గీతలను స్పిరిట్ ఇవాళే చూపించి ఆరిపోతుంది.

పొట్ట మీది అడ్డగీతలు ఎంత రుద్దినా పోవడం లేదు

విండ్లను ఎక్కువగా పాడుచేసేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రెక్కలో ఎక్కడో ఒకచోట, జానెడు కూడా లేని మేర, వెంట్రుక మందాన అడ్డగీతలు కనిపిస్తాయి. ఆకురాయి గాట్లేననుకుని రుద్దితే మాయమవుతాయి, కొన్ని బాణాలు వేయగానే అక్కడే మళ్లీ తేలుతాయి. గాటు ఇంకా లోతుగా ఉందేమోనని మళ్లీ రుద్దుతారు. నిజానికి అవి గాట్లు కావు. విల్లు వంగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. ఓర్వగలిగినదానికంటే ఎక్కువ నలిగిన చోట పీచు లోపలే మడతపడి, ఆ మడతలు గీతలుగా పైకి వస్తాయి.

గాట్లు ఒకదానికొకటి సమాంతరంగా, పనిముట్టు నడిచిన దిక్కున, రెక్క పొడవునా పరుచుకుని ఉంటాయి. నలుగుడు గీతలు ఒకేచోట గుంపుగా, కొద్దిగా వంకరటింకరగా ఉంటాయి. కొన్ని ఒక అంచు దగ్గర మొదలై నడుమనే ఆగిపోతాయి. నారి దించి ఉన్నప్పుడు ఇవి దాదాపు కనిపించవు. అందుకే టార్చి పరీక్షను నారి ఎక్కించి మరొకసారి చేయాలి. అప్పుడు గోటితో మెల్లగా గీస్తే గాటు పల్లంగా తగులుతుంది, నలుగుడు గీత చిన్న గట్టులా తగులుతుంది.

అక్కడ రుద్దడం ఎందుకు ప్రమాదమంటే, చెక్క బిరుసు దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 12 మి.మీ. మందం ఉన్న చోట అర మి.మీ. అరిగితే బిరుసు సుమారు 12 శాతం పడిపోతుంది, 40 మి.మీ. వెడల్పులో అదే అర మి.మీ. పోతే తగ్గేది ఒక శాతం పైచిలుకు మాత్రమే. ఇప్పటికే అతిగా వంగుతున్న చోటును పలచన చేస్తే అది ఇంకా వంగుతుంది, గీతలు ఇంకా పెరుగుతాయి.

పరిష్కారం ఇతర చోట్ల ఉంది. గీతలున్న భాగం చుట్టూ పెన్సిలుతో గీసి, అక్కడ ఇక ఏ పనిముట్టూ తగలనివ్వకండి. విల్లు పిడిని గోడకు బిగించి, నారిని తాడుతో కొద్దికొద్దిగా లాగుతూ నాలుగడుగుల దూరం నుంచి వంపు చూడండి. గీతల చోట రెక్క మోచేయిలా ముడుచుకోవడం, దానికి అటూ ఇటూ ఉన్న భాగాలు బిర్రుగా నిలబడటం కనిపిస్తుంది. ఆ బిర్రు భాగాల పొట్ట మీదనే స్క్రేపరుతో పలచగా తీయండి. తీసిన ప్రతిసారీ సగం లాగుడు వరకు మెల్లగా లాగి, మెల్లగా దించుతూ ఇరవై ముప్పై సార్లు ఆడించి, మళ్లీ చూడండి. పూర్తిగా లాగడానికి 45 పౌన్ల బలం కావలసిన విల్లు 40 పౌన్లకు దిగవచ్చు, దిగనివ్వండి. గీతల మీద సూపర్ గ్లూ పోయడం చాలామంది చేసే పని. అది గీతలను దాచిపెడుతుందే తప్ప మడతపడిన పీచుకు బలం తిరిగి ఇవ్వదు. గీతలు అంచు నుంచి అంచుకు పాకి, నారి దించాక కూడా రెక్క అక్కడ వంగే ఉంటే మాత్రం ఆ విల్లును పూర్తిగా లాగడం మానుకోవాలి.

వీపు మీద చీలిక లేచింది

నునుపు కోసం వార్షిక వలయాన్ని, అంటే చెట్టు ఏటా పెంచుకునే చెక్క పొరను, తెంచి ఉంటారు. వీపంతా ఒకే వలయం మీద, దాని ఎత్తుపల్లాలతో సహా ఉండాలి. చీలిక లేచిన విల్లును బాగుచేసేవరకు లాగకండి. విల్లు వెదురుదైతే, వెదురులో బలమైన పీచు పై తొక్క వైపే దట్టంగా ఉంటుంది కాబట్టి కణుపుల దగ్గర పైపైన తుడిచినట్టు రుద్ది ఆపండి. అంచులను మాత్రం ధైర్యంగా గుండ్రం చేయవచ్చు. చీలికలు తరచుగా మొదలయ్యేది పదునైన అంచు దగ్గరే.

మిగిలినవి

తడి తగలగానే పీచు లేస్తే, నూనెకు ముందే తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, 320తో తేలికగా రుద్దండి. అవిసె నూనె రోజుల తరబడి జిడ్డుగా ఉంటే మందంగా రాశారని అర్థం. టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి, ఈసారి పలచగా రాసి, పావుగంటలో మిగులు నూనెను తుడవండి. ఆ గుడ్డలను ఉండచుట్టి పడేయకుండా ఆరుబయట పరిచి ఆరబెట్టండి, ఎందుకంటే ఆరే నూనె వేడెక్కి వాటికవే అంటుకోగలవు. వానాకాలంలో లక్క పాలిష్ తెల్లబడితే అది గాలిలోని తేమ పని. పొడిగా ఉన్న రోజున స్పిరిట్‌తో ఒకసారి తుడిస్తే చాలు.