పోలీసులు ఫోన్, ల్యాప్‌టాప్ పట్టుకెళ్లే రోజు రాకముందే

సైబర్ కేసు అంటే హ్యాకర్లకు సంబంధించిన వ్యవహారం అనుకుంటాం. పోలీసులు వచ్చేది మాత్రం చాలాసార్లు మామూలు ఇళ్లకే. కమీషన్‌కు ఆశపడి తన బ్యాంకు ఖాతాను ఎవరికో వాడుకోనిచ్చిన డిగ్రీ కుర్రాడు, అతని గదిలో ఉంటూ అదే వైఫై వాడుకున్న స్నేహితుడు, ఇద్దరూ చిక్కుకోవచ్చు. ఐపీ అడ్రస్‌తో, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరుతో, తెలిసేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో అంతవరకే. కీబోర్డు ముందు కూర్చున్నది ఎవరో తేలేదాకా గదిలో అందరి ఫోన్లూ స్టేషన్‌కు వెళ్లొచ్చు.

ముందే ఒక మాట. వీడియో కాల్‌లో యూనిఫాంతో కనిపించి "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కెమెరా ముందు నుంచి కదలొద్దు" అనేవాడు పోలీసు కాదు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. కాల్ కట్ చేయండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక్కడ చెప్పేది నిజంగా ఇంటికి వచ్చే పోలీసుల సంగతి.

ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లిన ఫోన్ నెలల తరబడి రాకపోవచ్చు. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లు క్లౌడ్‌లో కూడా ఉంచుకోండి. అదే టేబుల్ మీది హార్డ్ డిస్క్‌ను బ్యాకప్ అనుకుంటే, ల్యాప్‌టాప్‌తో పాటు అదీ వెళ్లిపోతుంది. ఫోన్ లేకపోయినా లాగిన్ అవడానికి గూగుల్ ఖాతాకు పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, వాటిని కాగితం మీద రాసి దాచండి. తెలిసిన వకీలు నంబరూ, ఇంట్లోవాళ్ల నంబర్లూ అదే కాగితం మీద ఉండాలి, ఫోన్ చేతిలో లేకపోతే సొంత తమ్ముడి నంబరు కూడా గుర్తురాదు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, కనిపిస్తుంది. దాన్ని రాసుకుని, ఫోన్ బిల్లుతో కలిపి పెట్టండి.

ఇక ఆ రోజు. సినిమాల్లోలా "వారంట్ ఏదీ?" అని గుమ్మంలో అడ్డం నిలబడి లాభం లేదు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 185వ సెక్షన్ కింద, కారణాలు రాసిపెట్టి వారంట్ లేకుండానే సోదా చేయొచ్చు. "సార్, మీ పేరు, ఏ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు ఎంత?" అని మర్యాదగా అడిగి రాసుకోండి. ఐటీ చట్టం కింద నేరాన్ని దర్యాప్తు చేసే అధికారి ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదానూ జప్తునూ ఆడియో, వీడియో రికార్డు చేయాలి. రికార్డింగ్ మొదలైందా అని అడగడం తప్పేం కాదు.

నా లెక్కలో ఆ రోజు అన్నిటికన్నా ముఖ్యమైనది పంచనామా కాగితం, అంటే ఏమేం తీసుకెళ్తున్నారో సాక్షుల ముందు రాసే జాబితా. జాబితాలో "ఒక నల్ల సెల్‌ఫోన్" అని మాత్రమే ఉంటే, రేపు కోర్టులో పెట్టిన ఫోన్ మీదేనా కాదా అన్నదే పెద్ద తగువవుతుంది. కంపెనీ, మోడల్, ఐఎంఈఐ లేదా సీరియల్ నంబరు, లోపలి సిమ్, మెమరీ కార్డు, స్క్రీన్ మీద పగుళ్లు, ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, అన్నీ రాయమని అడగండి. మీ ముందే కవర్లో పెట్టి సీల్ వేసి, పంచులతో, అంటే ఆ సాక్షులతో, సంతకాలు చేయిస్తే మంచిది. డేటాను అక్కడికక్కడే కాపీ చేస్తుంటే హాష్ వాల్యూ కూడా నమోదు చేయమనండి. అది డేటాకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. జాబితా కాపీ తీసుకోకుండా వాళ్లను పంపొద్దు, అది మీ హక్కు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఆ మాట కూడా రాయించి, అదే రోజు కంపెనీకి తెలియజేయండి.

టెన్షన్‌లో చాలామంది చేసే పెద్ద తప్పు, బెల్ మోగగానే చాట్‌లు చెరిపేయడం. సాక్ష్యంగా చూపించాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఏ తప్పూ చేయనివాడు కూడా ఆ ఒక్క పనితో నిందితుడైపోతాడు.

పాస్‌వర్డ్ సంగతి అంత తేలిక కాదు. పాస్‌వర్డ్ చెప్పించడం తనపై తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందకు రాదని 2021లో కర్ణాటక హైకోర్టు అంది. నిందితుణ్ని బలవంతం చేయకూడదని 2022లో ఢిల్లీలో ఒక సీబీఐ కోర్టు అంది. కాబట్టి "మా లాయర్‌తో మాట్లాడి చెబుతాను సార్" అనండి. తప్పు పిన్ మాత్రం చెప్పొద్దు.

జప్తు సంగతి పోలీసులు వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలపాలి. వస్తువు తిరిగి కావాలంటే అదే కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 497 లేదా 503 సెక్షన్ కింద వకీలు ద్వారా పిటిషన్ వేయాలి. జప్తు చేసిన వస్తువులను అవసరానికి మించి స్టేషన్లో ఉంచుకోకూడదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. బిల్లు, ఐఎంఈఐ ఉన్న ఆ కాగితం అప్పుడు పనికొస్తుంది.

ఈలోగా దర్యాప్తు అధికారికి చెప్పి డూప్లికేట్ సిమ్ తీసుకోండి. మొదటి 24 గంటలు ఎస్‌ఎంఎస్‌లు పనిచేయవు, ఓటీపీలు రాలేదని కంగారుపడొద్దు. ఫోన్ చేతికొచ్చాక కూడా కేసు ముగిసేదాకా అమ్మకూడదు, ఫార్మాట్ చేయకూడదు, అడిగినప్పుడు కోర్టుకు చూపిస్తానని బాండు రాసిచ్చి ఉంటారు కదా. జాబితాలో ఛార్జర్ ఉంటే అదీ అడిగి తెచ్చుకోండి.