వెండి ఉంగరం చేద్దాం – 4వ పాఠం: రాయికి గూడు

పోయిన పాఠంలో చేసిన చుట్టు (వేలికి తొడిగే వెండి వలయం) అతుకు దగ్గర విడిపోకుండా నిలిచిందా? నిలిస్తే ఓ డబ్బాలో భద్రంగా పెట్టండి, ఇవాళ కావాలి. విడిపోతే మాత్రం ఈ పాఠం జోలికి రాకండి, ఆ అతుకే ఇంకో రెండుసార్లు వేయండి.

ఇవాళ్టి పనిలో ఒక్కటే నియమం. మంట పనంతా అయ్యాకే రాయి గూట్లోకి వెళ్ళాలి. పాలకొల్లులో నాకు పని నేర్పిన ఆచారి గారు కుంపటి వెలుగుతుంటే రాళ్ళ పొట్లం విప్పనిచ్చేవారు కాదు. అదేదో పట్టింపు అనుకున్నాను. ఒకరోజు మా అక్క పగడపు ఉంగరం తెచ్చి, "చుట్టు విరిగింది, కాస్త అతికి పెట్టరా" అంది. రాయి ఊడదీయడానికి బద్ధకించి, తడిగుడ్డ చుట్టి అతికేశాను. మంట వల్ల పగడానికేమీ కాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, నల్లమరక పోవడానికి ఉంగరాన్ని వేడి చింతపండు నీళ్ళలో వేసి భోజనానికి వెళ్ళాను. వచ్చి చూస్తే పగడం మీద నిగనిగ అంతా పోయి, గరుగ్గా, సున్నం పూసినట్టు వెలవెలబోతోంది. పగడమూ ముత్యమూ సున్నపు జాతివి, పులుపు తగిలితే కరుగుతాయి. ఆచారి గారు చూసి కోప్పడలేదు. "ఇంకోటి కొనుక్కొచ్చి పెట్టెయ్ బాబూ. అక్కగారితో నేను చెప్పన్లే, ఆయ్" అన్నారు.

అందుకే మొదటి ఉంగరానికి పగడం వద్దు, ముత్యం వద్దు. పచ్చ అసలే వద్దు. అది గట్టి రాయే, కానీ లోపల చీలికలుంటాయి, గట్టిగా నొక్కితే పగులుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో సానబట్టే అగేట్ అనే రాయి తీసుకోండి. చవక, గట్టిది, పాడైనా ప్రాణం ఉసూరుమనదు. కింద చదునుగా, పైన బొరుగుగింజలా ఉబ్బుగా, గుండ్రంగా ఉండాలి. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 4 ఎత్తు అనుకుని లెక్క చెప్తాను.

గూడంటే రాయి చుట్టూ సన్నని వెండి గోడ. దీనికి 92.5 వెండి (నూటికి 92.5 పాళ్ళు వెండి, మిగతాది రాగి) కాకుండా శుద్ధ వెండి పట్టీ వాడతాం. మెత్తగా ఉంటుంది, చివర్లో రాయి మీదికి సులువుగా వంగుతుంది. పట్టీ మందం 0.3 మి.మీ. పొడవెంత? రాయి వెడల్పుని 3.14తో గుణిస్తే 25.1 వస్తుంది. అంతే కోస్తే రాయి లోపలికి దిగదు, ఎందుకంటే గోడకీ మందం ఉంది. ఆ మందాన్ని కూడా కలిపి 8.3ని 3.14తో గుణించండి, 26 మి.మీ. వస్తుంది. దాదాపు ఒక మిల్లీమీటరు తేడా! ఇక్కడే అందరూ తప్పుతారు. అనుమానం ఉంటే వెంట్రుకవాసి చిన్నగానే కోయండి. చిన్నదైతే గుండ్రటి ఊచకి తొడిగి చిన్న సుత్తితో తట్టి సాగదీయొచ్చు. పెద్దదైతే మళ్ళీ కోసి, మళ్ళీ అతకాల్సిందే.

గోడ ఎత్తు లెక్కతో తేలదు, కంటితో చూడాలి. రాయిని పక్కనుంచి చూస్తే నిలువుగా లేచి ఒకచోట లోపలికి వాలడం మొదలవుతుంది. ఆ వాలు మొదలైన చోటికి కొంచెం పైదాకా గోడ రావాలి. మన రాయికి 2 మి.మీ. సరిపోతుంది. తక్కువైతే రాయి ఊడుతుంది. ఎక్కువైతే ముడతలు పడి, రాయి బావిలో కప్పలా కనిపిస్తుంది.

పట్టీ రెండు చివరలూ ఆకురాయితో చదును చేసి కలపండి. దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే అతుకులోంచి వెలుతురు రాకూడదు. వెలిగారం ముద్దని సాన మీద గంధం తీసినట్టు నీళ్ళతో అరగదీసి అతుక్కి రాయండి. ఆవగింజలో సగమంత టంకం (కరిగి అతుకుని కలిపే వెండి మిశ్రమం) చాలు. టంకం మూడు రకాలు కొనుక్కోండి. జింకు ఎక్కువ కలిసే కొద్దీ తక్కువ వేడికే కరుగుతుంది. ఆలస్యంగా కరిగేది ఈ మొదటి అతుక్కి, మధ్యరకం గోడని అడుగురేకుకి అతకడానికి, తొందరగా కరిగేది ఆఖర్న చుట్టుకి. ఈ వరస తప్పితే రెండోది అతికేలోపు మొదటిది ఊడి కూర్చుంటుంది. కొట్లో కాడ్మియం లేని టంకమే అడగండి. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, ఆ పొగ ఊపిరితిత్తులకి విషం.

అడుగురేకు 92.5 వెండి, 0.6 మి.మీ. మందం చాలు. మధ్యలో చిన్న బెజ్జం వేయండి, ఎందుకో తర్వాత చెప్తాను. గోడని దాని మీద నిలబెట్టి, లోపలి అంచున నాలుగు టంకం ముక్కలు పెట్టండి. ఫ్యాను కట్టేయండి. మే నెల ఉక్కలో ఇది శిక్షే, కానీ గాలికి మంట కదిలితే పని చెడుతుంది. మంటని గోడకి చూపించొద్దు. పల్చటి గోడ రేకు కంటే ముందే వేడెక్కి కుప్పకూలుతుంది. జాలీ మీద పెట్టి కిందనుంచి రేకుని వేడి చేయండి. వేడెటుంటే టంకం అటు పరుగెడుతుంది. గోడ మొదట్లో తళుక్కున ఒక మెరుపు గీత చుట్టూ తిరుగుతుంది. అది కనిపించగానే మంట తీసేయండి. ఆ తర్వాత ఒక్క క్షణం ఆశపడినా గోడ కరుగుతుంది, నావి మూడు పోయాయి.

చుట్టుని కూడా ఇప్పుడే అతికేయండి. చింతపండు నీళ్ళలో మరగబెట్టి (ఇప్పుడు ఎంతసేపైనా ఫర్వాలేదు, రాయి లేదుగా) కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

ఇక రాయి. గూట్లో పెట్టి చూస్తే వేలితో నొక్కకుండానే దిగాలి, కదిలిస్తే గలగలమనకూడదు. ఇరుక్కుని పైకి రాకపోతే మైనం ముద్ద అంటించి లాగండి. అప్పటికీ రాకపోతే కిందనుంచి పుల్లతో తోయండి, బెజ్జం అందుకే. సరిపోయాక ఉంగరాన్ని లక్క కర్రకి (పట్టుకోవడానికి కొసన లక్క ముద్ద పెట్టిన కర్ర) అంటించండి. లక్కని మాత్రం మంటకి మెత్తబరచాలి కాబట్టి ఆ కాసేపూ రాయిని పక్కన పెట్టి, లక్క చల్లారాక గూట్లోకి దించండి.

మొద్దు మొన ఉన్న ఇనుప పుల్లతో గోడని రాయి మీదికి నొక్కాలి. ఒక చోట మొదలుపెట్టి చుట్టూ నొక్కుకుంటూ పోతే ఆఖరికి గోడంతా ఒకచోట పోగుపడి ముడత లేస్తుంది. రావులపాలెం హైవే మీద లారీ చక్రం నట్లు బిగించేవాళ్ళని చూడండి. ఒకటి ఇటు, తర్వాతది ఎదురుగా. అలాగే తూర్పు నొక్కితే వెంటనే పడమర, ఉత్తరం నొక్కితే దక్షిణం. ఆ తర్వాత మూలలు, వాటి మధ్య ఖాళీలు. ఒక్కోసారి కొంచెమే. మణికట్టుతో కాదు, భుజం బరువుతో నొక్కండి. జారితే రెండో చేతి బొటనవేలు అడ్డంగా ఉండాలి, లేకపోతే పుల్ల రాయి మీద గీత పెడుతుంది, లేదా మీ అరచేతిలో దిగుతుంది.

అయిపోయిందనుకున్నాక దూదిని అంచు చుట్టూ రుద్దండి. ఎక్కడైనా పోగు తట్టుకుంటే అక్కడ గోడ ఇంకా లేచి ఉందన్నమాట. అక్కడే మళ్ళీ నొక్కండి.

అంచుకి ఒప్పం పెట్టడం, మెరుగు తేవడం వచ్చే పాఠంలో. ఆ రోజుకి ఓ నాలుగు కుంకుడుకాయలు, పాత టూత్‌బ్రష్షు సిద్ధంగా ఉంచుకోండి.